వలల షెడ్డుకి గురూజీ అక్కర్లేదు

కళింగపట్నం,
28 జూన్ 2017, బుధవారం

ప్రమోద్,

మమ్మల్ని అడగకుండా మా వలల షెడ్డు మీద నా ఫ్లెక్సీ కట్టించావు. యోగా దినోత్సవమని విజయనగరం నుంచి మనుషుల్ని పంపి మరీ కట్టించావు. అందులో నేను దండం పెడుతున్నాను, నా తల వెనక సూర్యుడు లేస్తున్నాడు, కింద ‘యోగాచార్య ఎల్లాజీ గురూజీ’ అని ఉంది. నువ్వు చేసిన తప్పు ఇదే. ఫోనులో తిడితే నవ్వి మాట మార్చేస్తావని కాగితం మీద తిడుతున్నాను.

నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాణ్ని. నడుము పట్టేసి లేవలేని రోజుల్లో ఫోనులో చూసి నాలుగు ఆసనాలు నేర్చుకున్నాను. నన్ను చూసి పక్కవాడు, వాణ్ని చూసి ఇంకొకడు. కిందటేడు వేట నిషేధంలో పడవలన్నీ ఒడ్డెక్కేసరికి, పనిలేని కుర్రాళ్ళతో షెడ్డు నిండిపోయింది. అప్పుడే కదా నువ్వూ వచ్చావు. ఎచ్చెర్లలో చదువుకుంటూ ఆదివారం సముద్రం చూద్దామని బస్సెక్కి వచ్చి, మా మధ్య కూర్చుని, తొడ పట్టేసి గగ్గోలు పెట్టావు. మా అమ్మ దాలమ్మ నీ కాలికి నూనె రాస్తూ, షావుకారు బాబుకి కొట్లో కూర్చోడం తప్ప ఇంకో కూర్చోడం రాదంటే, అందరికన్నా ఎక్కువ నువ్వే నవ్వావు.

ఇదంతా నీకు తెలియదని కాదు, మర్చిపోయావని రాస్తున్నాను. మా షెడ్డులో ముందు కూర్చునేవాడు లేడు. గుండ్రంగా కూర్చుంటాం. పెద్దవల లాగేటప్పుడు ఒకడి కేకకి అందరూ తాడు లాగినట్టే, ఇక్కడ ఒకరు కేక వేస్తే అందరం ఊపిరి తీస్తాం, కేక ఆగితే వదుల్తాం. ఈ రోజు ఒకరు, రేపు వాళ్ళ పక్కవాళ్ళు. ఆడపిల్లలు రావడం మొదలయ్యాక వాళ్ళ కేకే గట్టిగా ఉంటోంది. తాడు పట్టుకున్న ఇంతమందిలో గురువెవడు?

ఫ్లెక్సీ కట్టిన మర్నాడే తేడా వచ్చింది. ఒరే అనేవాళ్ళు అండీ అన్నారు. నాకొక కుర్చీ వేశారు. ఒకడైతే కాళ్ళకి దండం పెట్టబోయాడు. వాడూ నేనూ చిన్నప్పుడు జీడితోటలో దొరికిపోయి కలిసి తన్నులు తిన్నవాళ్ళం.

ఇవన్నీ నవ్వి వదిలేద్దును. కొండబాబు సంగతి వదల్లేను. వంశధార సముద్రంలో కలిసేచోట పడవ తిరగబడి వాళ్ళన్న ఎర్రన్న పోయాడు, అదే పడవలో ఉన్న కొండబాబు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. అప్పట్నించి వాడు నీళ్ళలో కాలు పెట్టలేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. షెడ్డుకి మాత్రం వచ్చేవాడు. మొదట స్తంభానికి ఆనుకుని దూరంగా ఊపిరి తీసేవాడు. నెమ్మదిగా జరిగి జరిగి నీ పక్కన చేరాడు. ఊళ్ళో పెద్దవల లాగేటప్పుడు కేక వేసేది ఎర్రన్నే అని నీకు తెలుసు. ఈ నెలలో ఒకనాడు తనంతట తనే, వచ్చే ఆదివారం కేక నేనేస్తానన్నాడు. మా అమ్మ ఆ మాట విని మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ ఆదివారం కన్నా ముందు నీ ఫ్లెక్సీ వచ్చింది. కొండబాబు దాన్ని తలెత్తి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి అడిగాను.

“గురువుగారి ముందర నేనేటి కేకేస్తాన్రా ఎల్లాజీ. నీ పక్కన కూకుంటే ఏసేవోణ్ని” అన్నాడు.

నువ్వు చెడ్డ బుద్ధితో చేయలేదు. మీ బజారులో అభిమానముంటే ఫ్లెక్సీ వేస్తారు. మా దగ్గర అభిమానముంటే పక్కన కూర్చుంటారు. చదువైపోయి మీ నాన్న కొట్లో చేరాక నువ్వు ఒక్కసారి కూడా వచ్చి కూర్చోలేదు. బొమ్మ పంపావు.

కాబట్టి వినుకో. నువ్వే రావాలి, నీ చేత్తోనే దించాలి. మనుషుల్ని పంపితే వాళ్ళ చేత కూడా ఆసనాలు వేయించి పంపుతాను. జులై తొమ్మిది, ఆదివారం, పొద్దు పొడిచే వేళకి షెడ్డులో ఉండాలి. వస్తున్నావో లేదో ఏడో తేదీ సాయంత్రంలోగా నాకు కబురందాలి.

ఎల్లాజీ
(పేరుకి వెనకా ముందూ ఏమీ లేదు)

తా.క.: షెడ్డు మీద ఫ్లెక్సీ లేదు. సోమవారం మా అమ్మ, ఇంత మంచి టార్పాలిన్ పట్టా గాలికి చిరిగిపోతోందని గొణుక్కుంటూ విప్పుకెళ్ళి, ఇసకలో పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టింది. నా మొహం మీద, సూర్యుడి మీద, గురూజీ మీద అన్నీ నెత్తళ్ళే. అటుగా పోతున్న కొండబాబు ఆగి చూశాడు. “ఏటి గురూజీ, కాకులు తవఁర్ని ముక్కు మీద పొడుస్తన్నాయి” అన్నాడు. ఎర్రన్న పోయాక వాడు నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. ఇవాళ పొద్దున్న గుండ్రంలో కూర్చుని కేక వేశాడు. అచ్చం వాళ్ళన్నలాగే చివర సాగదీసి వేశాడు. అందరం ఊపిరి తీసి, వదలడం మర్చిపోయాం. అయ్యాక పక్కనున్న ఖాళీ చూసి, ప్రమోద్ ఎప్పుడొస్తాడని అడిగాడు.

ఉత్తినే రమ్మంటే కొట్టు వదిలి రాలేనంటావని తిట్లతో రాశాను. దించడానికి ఏమీ లేదు. తొమ్మిదో తేదీ కేక నీది. ఏడో తేదీ సాయంత్రంలోగా కబురు.