వదిన గోళ్ల రంగు

మార్చి 14, మంగళవారం

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేస్తాను గాని, ఈసారి వదిన రక్తపరీక్ష రిపోర్టు పక్కన పెట్టుకుని మరీ రాస్తున్నాను. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. ముందు ఆ ముక్క చదివి, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

ఫోన్‌లో చెప్పలేదని కోప్పడకు. ఓడలో నీకు సిగ్నల్ అందేదే రెండు నిమిషాలు. సగం విని, మిగతా సగం నువ్వే ఊహించుకుని, ఇంజన్ గదిలో ఒక వాల్వుకు బదులు ఇంకోటి తిప్పేస్తావని వదినే నా నోరు మూయించింది.

రెండు నెలల క్రితం వదిన బస్సు టికెట్ కౌంటర్ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. అంతకు ముందు నుంచే మనిషి నీరసంగా ఉండేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు తీసి కరకరా నమిలేది. ఈ ఇంట్లో నీకు అన్నం పెట్టడం లేదా వదినా అని నేను ఆటపట్టించేదాన్ని.

ఆసుపత్రిలో నర్సు ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పు వేలికి పెడితే అంకె రాలేదు. గోళ్ల మీది ముదురు ఎరుపే అడ్డమట. ఎవరు వేశారమ్మా ఇంత మందంగా అని అడిగితే, వదిన ఆ స్థితిలో కూడా నన్ను చూపించి, మా ఆడపడుచే, సొంత పార్లర్ ఉంది, అని గొప్పగా చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్లిప్పు చెవికి పెట్టి చూశారు గాని, గోళ్లు కూడా చూడాలి, రంగు తీసెయ్యమంది డాక్టరమ్మ. అది మామూలు రంగు కాదు, జెల్. రంగు కరిగించే మందులో దూది తడిపి, రేకు చుట్టి, పావుగంట ఆగితే గాని ఊడదు. అంత పొడుగు పావుగంట నా జన్మలో చూడలేదు.

రంగు పోయాక చూస్తే గోళ్లు తెల్లగా పాలిపోయి, మధ్యలో గుంట పడి, అంచులు పైకి లేచి ఉన్నాయి. డాక్టరమ్మ ఒక గోటి మీద నీటిబొట్టు వేసింది. అది జారలేదు, చెంచాలో ఉన్నట్టు అక్కడే నిలిచింది. ఒంట్లో ఇనుము బాగా తగ్గినవాళ్లకు ఇలా కావచ్చు, అయితే గోళ్లు చూసి తేల్చెయ్యకూడదు, రక్తం చూద్దాం అంది. చూస్తే హిమోగ్లోబిన్ అయిదున్నర. రక్తం ఎటు పోతోందో తెలియదు. పెద్ద జబ్బేమోనని డాక్టరమ్మ అనలేదు గాని, ఆమె రాసిన పరీక్షలన్నీ ఆ మాటే అన్నాయి. ఆ నాలుగు రోజులు నేనేం తిన్నానో, అసలు తిన్నానో లేదో గుర్తులేదు.

నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. మోకాలి నొప్పికి వదిన ఏడాదిగా మింగుతున్న మాత్రలే ఆ పని చేశాయి. పుండే, మరేదీ కాదు అని తేలిన రోజు, నేను వరండా ఊడుస్తున్న ఆయమ్మను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం ఆవిడ, పోయారా అమ్మా అని అడిగింది. లేదండీ, బతికింది అన్నాను. నా వంక అదోలా చూసి వెళ్లిపోయింది.

రక్తం ఎక్కించారు, మందులిచ్చారు. ఇప్పుడు వదిన మెట్లు గబగబా ఎక్కుతోంది, నా మీద అరుస్తోంది, ఐసు జోలికి పోవడం లేదు. గోటి మొదలు దగ్గర కొత్త గోరు లేత గులాబీ రంగులో చదునుగా వస్తోంది. పూర్తిగా మారడానికి ఇంకో నాలుగు నెలలు పడుతుందట. నువ్వు నిశ్చింతగా ఉండు. వేళకు తిను.

నీ చెల్లెలు

తా.క. అన్నయ్యా, ఇది రాయకుండానే కవరు అంటించి, మళ్లీ చింపాను. ఆ గుంటలు నేను ఆసుపత్రిలో మొదటిసారి చూడలేదు. ఆరు నెలల ముందే నా పార్లర్ బల్ల దగ్గర చూశాను. గోటిలో లోపం కనిపిస్తే నోరు విప్పకూడదు, బ్రష్ తియ్యాలి అని నాకు పని నేర్పిన మేడమ్ చెప్పేది. వదిన చెయ్యిని కూడా కస్టమర్ చెయ్యిలాగే చూశాను. నెలనెలా గుంటలు పూడ్చి పైన ఎరుపు వేశాను. బాగా కుదిరిందని ఫొటో తీసి షాపు తలుపుకు అంటించుకున్నాను కూడా. అప్పుడే ఒక్క మాట అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నిన్న వదినకు అంతా చెప్పేశాను. విని, తన రెండు చేతులూ తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఇక రంగేమీ వద్దు, నెలకోసారి ఊరికే చూసి చెప్పు, అంది.