ద్రాక్ష సీసాల మూతలు

ఏమండీ,

ఇంట్లో ఇంత గొప్ప సైంటిస్టు దొరుకుతాడని తెలిస్తే నేను కెమిస్ట్రీలో డిగ్రీ చదివేదాన్నే కాదు. ద్రాక్షరసం పులియడం ఆగకముందే మూతలు బిగించకండని ఎన్నిసార్లు చెప్పాను! మీరు చవగ్గా తెప్పించిన ఆ బిగించే మిషన్ మాత్రం బాగానే పనిచేసింది. రంజాన్ తర్వాత పక్కింటి నజియా ఇచ్చిన ఖాళీ షర్బత్ సీసాల్లో మనం వైన్ నింపినది ఒకటి పేలి, మీ తమ్ముడి కుడిచెయ్యి తెగింది. వేళ్లు ఆడించలేకపోతున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.

డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పకండి, వంటింటి నిండా గాజుపెంకులే. మిగతా సీసాల మీద మందపాటి టవల్ కప్పి మూతలు మెల్లగా తీయండి. వైన్ మొత్తం సింకులో పోసి, చాలాసేపు నీళ్లు వదలండి. కిటికీలు తెరవకండి, సాంబ్రాణి వేయండి. వరల్డ్ కప్‌కు వచ్చేవాళ్లకు అద్దెకిద్దామని ఓనర్ సాయంత్రం ఫ్లాట్లన్నీ చూస్తాడట. మద్యం నేరమైన ఈ అరబ్బు దేశంలో వాసన పసిగట్టాడంటే ముగ్గురి వీసాలూ పోయినట్టే. మిషన్, వైన్ వంపే ట్యూబు సంచిలో కట్టి దూరంగా పడేయండి.

డాక్టరుకు వెనిగర్ సీసా పగిలిందని చెబుతాం. ఎవరడిగినా మీరూ అదే చెప్పండి. ఫ్రిజ్‌లో పప్పుంది. భయపడితే మీకు అన్నం దిగదు, అయినా తినండి.

టాక్సీ కింద ఆగింది. ఇప్పుడు నోరు విప్పాడు మీ తమ్ముడు తిరుమల్. పైన రాసిందంతా కొట్టేసే తీరిక లేదు, వాడి మాటలే రాస్తున్నాను: "వదినా, అన్న మూతలు ఊకెనే పైన పెట్టిండు. వాసన బయటికి పోతున్నదని భయమై నేనే గట్టిగ బిగించిన. తప్పు నాదే."