వట్టి చేతుల నడక

రాజవ్వా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది నిండింది. నా షుగరు తగ్గకుంటే సూదులు తప్పవన్న కామారెడ్డి డాక్టరు, ఇప్పుడు ఉన్న గోళీలే తగ్గించాడు.

"ఏం పెద్దాయనా, పోయినసారి కంటే చిన్నగ కనవడుతున్నవ్?" అన్నాడు.

"నడుస్తున్న సారూ" అన్నాను.

బీడీ మానేశాను. రాత్రి జొన్నరొట్టె తింటున్నాను. అవి కష్టం కాలేదు. నడకే కష్టమైంది. పని లేకుండా నడిస్తే ఊళ్లో అందరూ ఎటు అని అడుగుతారు గదా. అందుకే ఇన్నాళ్లూ పొలానికి పోతున్నట్టు కొడవలి పట్టుకుని ఎల్లారెడ్డి రోడ్డు మీద నడిచాను.

ఈ రోజు కొడవలి ఇంట్లోనే పెట్టి బయల్దేరాను. అరుగు మీదున్న మీ తమ్ముడు చూశాడు.

"ఎటు బావా, వట్టి చేతులతోని?"

"ఎటు లేదురా. ఊకెనే నడుస్తున్న."

"గీ వయసుల పెండ్లికొడుకువైతవా ఏంది?"

అరుగు మీద అందరూ నవ్వారు. వాడు నవ్వుతూనే చెప్పులేసుకుని, "ఆగు, నేను గూడ వస్త" అన్నాడు. ఇద్దరం కాలువ దాకా పోయి వచ్చాం.

డాక్టరు నిన్ను నడవమన్నప్పుడు, "నువ్వు గూడ రారాదు" అని అడిగావు. ఆలుమగలు జంటగా నడిస్తే నలుగురూ నవ్వుతారని నేను రాలేదు.

నవ్వితే ఏమీ కాదు, రాజవ్వా.