నాన్న బండికి నేను పెట్టిన అతుకు

ఇనుప తలుపులు, కిటికీ చువ్వలు అతికి బతికిన, వయస్సు అరవై రెండేళ్లు గల, వీధిలో అందరూ వెల్డింగక్క అని పిలిచే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి తీపిమాటలకూ లొంగకుండా, తెలివిలో ఉండి, సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. నా తెలివి సరిగ్గా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. కుదురుగా ఉన్నానని మాత్రం ఆయన రాయలేదు, రాయమని నేనూ అడగలేదు. వచ్చే గురువారం నా గుండె కవాటం మారుస్తారు. అంతవరకు కదలకుండా కూర్చోమన్నారు. కూర్చుంటే చేతులు ఊరుకోవడం లేదు. అందుకని షాపులో పనిబల్ల దగ్గర నిలబడే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోయిన చోట నా తెలివిని అనుమానించవద్దు, బల్లను అనుమానించండి.

1. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొచ్చి లేచి వెళ్లాను. ఎందుకు లేచానో అయిదో అంశంలో తెలుస్తుంది.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా వదినకు అప్పగిస్తున్నాను. వదిన అంటే మా అన్నయ్య భార్య. తొమ్మిదేళ్లుగా అన్నయ్యకూ నాకూ మాటల్లేవు. ఈ తొమ్మిదేళ్లూ రెండిళ్ల మధ్యా తిరిగి, అక్కడి మాట ఇక్కడ చెప్పకుండా, ఇక్కడి మాట అక్కడ చెప్పకుండా, ఇద్దరి ఆరోగ్యం మాత్రం ఇద్దరికీ చెప్పిన మనిషి ఆమె. నా చెవులకున్న రాళ్ల కమ్మలు కూడా ఆమెవే. ఎప్పుడో ఒకసారి బాగున్నాయంది. అన్నదని మరిచిపోయి ఉంటుంది.

3. మేముంటున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, మా ఆయనకు చెందుతుంది. ఆయన దర్జీ. నాన్న పాత మోటారుసైకిలుకు సీటు కుట్టమంటే, చొక్కాలు కుట్టే చేత్తో రెక్సిను కుట్టనన్నాడు. తర్వాత ముదురు ఎరుపు రెక్సిను తనే తెచ్చి కుట్టాడు. వెనక కందిరీగ తోకలా లేవలేదని నేను వంక పెడితే నాలుగుసార్లు విప్పి అయిదోసారి కుట్టాడు. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో నాకాయన ఇచ్చిన జవాబులన్నీ ఇలాగే ఉండేవి. ముందు కాదంటాడు, తర్వాత చేసి పెడతాడు. నేను లేకపోతే కాదనడానికి ఆయనకెవరూ ఉండరు. అమ్మాయి రోజూ ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి.

4. ఈ షాపు, రెండు వెల్డింగు సెట్లు, కోత యంత్రం, ఇనుప బల్ల మా అమ్మాయికి. అది ల్యాబులో రక్తం తీస్తుంది. పొగ పడదు. అందుచేత, పక్క షాపులో లేతు పని చేసే నా స్నేహితుడికి ఇష్టమైతే అమ్మాయికి అద్దె ఇచ్చి షాపు నడిపించుకోవచ్చు. కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టుల్ని బండికి వెనక్కి జరపడానికి కావలసిన దిమ్మల్ని ఆయనే లేతు మీద చేసి ఇచ్చాడు. మొదటి జత వంకరొస్తే నాకు చూపించకుండా దాచేశాడు. నాకు తెలుసు.

5. ఇక మోటారుసైకిలు.

అది ఒకే సిలిండరు ఉన్న పాత బండి. నాన్న కొనేనాటికే పాతది. మెడలో టేపు వేసుకుని, దానిమీద తిరిగి, గేట్లకూ తలుపులకూ కొలతలు తీసుకొచ్చేవారు. నాకు పదిహేడేళ్లప్పుడు చాసీ వెనక భాగంలో, షాకబ్జార్బరు బిగించే చోట, గొట్టానికి చీలిక వచ్చింది. నాన్న నాతో, “పెద్ద వెల్డరు దగ్గరికి తీసుకెళ్లి అతికించుకురా. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు” అన్నారు.

నేను చెయ్యి పెట్టాను. ఆయన కొలతలకు వెళ్లిన పూట, షాపు వెనక నేనే అతికాను. అతుకు పైకి చేప పొలుసుల్లా వరసగా పడింది. మురిసిపోయి, నునుపుగా అరగదీసి, పుట్టీ పెట్టి, నల్లరంగు వేశాను. సాయంత్రం నాన్న దానిమీద బొటనవేలు రాసి చూసి, “పెద్ద వెల్డరంటే పెద్ద వెల్డరే” అన్నారు. ఆ మాట నా గురించేనని ఆయనకు తెలియదు. కొన్నాళ్లాగి చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

అప్పటికి అన్నయ్యకు ఇరవై ఏళ్లు. వాడికి బండి పిచ్చి. నోటు పుస్తకాల చివరి పేజీల్లో ఎప్పుడూ ఒకటే బొమ్మ గీసేవాడు. హ్యాండిలు కిందికి దిగి, ట్యాంకు పొడుగ్గా సాగి, ఒక్కరే కూర్చునే సీటు వెనక కందిరీగ తోకలా లేచి ఉండే బండి. అలాంటి వాటిని కేఫ్ రేసర్ అంటారని నాకు చెప్పిందీ వాడే. ఆ నెల్లో జరగబోయే పందెంలో పేరు ఇచ్చుకున్నాడు. అడగకుండా నాన్న బండి తీసుకెళ్లి, రాళ్ల క్వారీ దారిలో ఒక మధ్యాహ్నమంతా తోలాడు.

మర్నాడు నాన్న తోలుతుండగా మలుపులో చాసీ విరిగింది. మోకాలి చిప్ప ముక్కలైంది. బండిని చూసిన మెకానిక్కు చీలిక లోపలికి కన్నెత్తి చూడకుండానే, “గుంతల్లో దూకించారండీ, అంతే” అని తేల్చేశాడు. ఆ మెకానిక్కు పోయి చాలా ఏళ్లయింది. అయినా వాడి మీద నా కోపం పోలేదు. వాడు ఒక్క నిమిషం వంగి చూసి ఉంటే, నేను నోరు తెరవవలసిన పని ఉండేది కాదు.

ఆసుపత్రి మంచం మీద నాన్న అన్నయ్యతో, “ఇక ఈ జన్మలో బండి ముట్టుకోకు” అన్నారు. అన్నయ్య తల వంచుకుని సరేనన్నాడు. ఫ్లాస్కు పట్టుకుని కాళ్ల వైపు నిలబడి ఉన్నాను నేను. ఆ అతుకు నాది. విరిగింది నా అతుకు దగ్గరే. ఆ ముక్క నోట్లోంచి రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. తర్వాత తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

నాన్న మిగతా జీవితమంతా కుంటుతూనే నడిచారు. అన్నయ్య స్కూల్లో గుమాస్తాగా చేరి, నలభై అయిదేళ్లు బస్సుల్లో తిరిగాడు. సైకిలు కూడా కొనుక్కోలేదు. నేను మాత్రం ఊళ్లోకెల్లా మంచి వెల్డర్ననిపించుకున్నాను. ప్రతి అతుకునూ రెండుసార్లు కొట్టి చూసుకునేదాన్ని. నా జాగ్రత్తను అందరూ మెచ్చుకునేవారు.

నాన్న పోయాక, మూలనపడ్డ బండిని బయటికి లాగాను. ఇంజను బిగుసుకుపోయింది. ట్యాంకు లోపలంతా తుప్పు. మూడేళ్లు పట్టింది. పిస్టను కొత్తది వేశాను, కార్బురేటరు విప్పి రంధ్రం రంధ్రం కడిగాను. అన్నయ్య గీసిన బొమ్మ నాకు జ్ఞాపకమే. హ్యాండిలు దించి, మడ్‌గార్డులు తీసేసి, పాత ట్యాంకును పొడిగించాను. వెనక చాసీ తోకను రంపంతో కోసేసి, షాకబ్జార్బర్లకు కొత్త గొట్టం వేశాను. కేఫ్ రేసరుకి ఆ తోక అక్కర్లేదు కాబట్టి కోశానని అందరికీ చెప్పాను. అది నిజమే. నా అతుకు ఉన్నదీ ఆ ముక్కలోనే, అదీ నిజమే. బండి కోసం కోశానో, నా కోసం కోశానో నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వచ్చేది.

బండి సిద్ధమయ్యాక అన్నయ్యను పిలిచాను. వాడు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తన బొమ్మను గుర్తుపట్టాడని మొహంలో తెలిసింది. అంతలో కోసిన చోట కళ్లు ఆగాయి. “నన్ను ముట్టుకోవద్దన్నారు నాన్న. ముట్టుకోలేదు. నువ్వు రంపం పెట్టి కోశావా?” అని వెళ్లిపోయాడు. మళ్లీ నా గుమ్మం తొక్కలేదు.

పై సంగతులు నా ఎరుకలో నిజాలని ప్రకటిస్తూ, సదరు మోటారుసైకిలును, తాళంచెవితోను కాగితాలతోను సహా, మా అన్నయ్యకు రాసి ఇస్తున్నాను.

6. అయిదో అంశం మొన్న గురువారం రాశాను. శుక్రవారం పొద్దున్నే చదువుకుంటే ఒళ్లు మండింది. ఇది వాడి చేతికొచ్చేనాటికి నేనుండను. వాడు ఎవరి మీద అరవాలి? నా ఫొటో మీదా?

కోసిన ముక్కను పాత చొక్కాలో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వాళ్లది మూడో అంతస్తు. మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పారు. మూడుసార్లు ఆగి ఎక్కాను. తలుపు తీసింది అన్నయ్యే. తొమ్మిదేళ్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట, “మెట్లెక్కి వచ్చావా? బుద్ధుందా నీకు?”

వాడు చదువుతున్న పేపరు మీద ఆ ముక్క పెట్టి, నిలబడే మొత్తం చెప్పాను. వాడు గొట్టం విరిగిన మొనను వేలితో తడిమాడు. అతుకు పైపైనే పట్టుకుని, లోపల ఇనుము కరగలేదు. తెలియనివాళ్లకైనా తెలిసేంత స్పష్టంగా ఉంది.

“నాన్నకి చెప్పావా?”

“లేదు.”

“పోయేదాకా నన్ను చూసినప్పుడల్లా మోకాలు రాసుకునేవారే. నీకు కనబడలేదా?”

“కనబడేది” అన్నాను.

“వెళ్లు” అన్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుని కిందిదాకా దింపింది. కిందికొచ్చాక కూడా చెయ్యి వదల్లేదు.

శని, ఆది, సోమ వారాలు ఎవరూ రాలేదు. ఆ మూడు రోజుల్లో నేను షాపులోని మేకులన్నీ సైజుల వారీగా డబ్బాల్లో సర్దాను. సదరు డబ్బాలు కూడా అమ్మాయికే.

7. బండికి మొదట ఉన్న సీటు, హ్యాండిలు, మడ్‌గార్డులు చీటీలు అంటించి అటక మీద పెట్టాను. ఎవరికైనా బండిని మళ్లీ నాన్న నాటి రూపానికి తేవాలనిపిస్తే తేవచ్చు. తోక మాత్రం కొత్తగా చేయించాలి. మంచి వెల్డరు చేత చేయించండి.

8. పాత సైలెన్సరు ఎదురింటి పెద్దమనిషికి. బండి చప్పుడు మీద ఆయన రాసిన అర్జీలన్నీ దాచాను. సైలెన్సరులో అవన్నీ పడతాయి.

9. ఈ రోజు మంగళవారం. పదకొండింటికి అన్నయ్య వచ్చాడు. మా ఆయన కుర్చీ వేస్తే కూర్చోలేదు. బల్లమీది ఈ కాగితాలు తీసుకుని, నిలబడే, మొదటినుంచీ చదివాడు. అయిదో అంశం చివర రెండుసార్లు చదివాడు.

“నువ్వు పోయాక వచ్చే బండి నాకెందుకే?” అన్నాడు. “షెడ్డులో పెట్టుకుని చూస్తూ కూర్చోమంటావా? నాకు అరవై అయిదు. తోలాలి నేను. తాళం ఇప్పుడియ్యి.”

ఇచ్చాను. చెయ్యి చాపడానికి వాడు కొంచెం తడబడ్డాడు.

సాక్షిగా వచ్చిన లేతు స్నేహితుడు ఇంకొకరు కూడా కావాలంటే, “నేను పెడతా” అన్నాడు అన్నయ్య. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో రాసిన ఆస్తి చెల్లదని ఆయన చెప్పాడు. “తెలుసు. స్కూల్లో ఇన్నాళ్లూ కాగితాలే కదా చూశాను. అందుకే పెడతానంటున్నా. ఆ బండి అమ్మాయికి రాసెయ్యి” అన్నాడు.

నేనేదో అనబోయాను. వాడు వేలు చూపించాడు. “క్షమించాననుకోకు. అది వేరే సంగతి. నిన్ను తిట్టడానికి నాకు చాలా రోజులు పడుతుంది. ఆపరేషను చేయించుకుని రా, మొదలుపెడతా.”

కాబట్టి అయిదో అంశం చివర “మా అన్నయ్యకు” అన్న మాట కొట్టివేసి “మా అమ్మాయికి” అని చదువుకోవలెను. అన్నయ్యకు ఓపిక ఉన్నన్నాళ్లూ, అడగకుండా, చెప్పకుండా, ఎంత దూరమైనా ఆ బండి మీద వెళ్లే హక్కు వాడికి ఉంటుంది. ఈ హక్కును అమ్మాయి గాని, మా ఆయన గాని, వదిన గాని ప్రశ్నించడానికి వీల్లేదు. వదిన ప్రశ్నిస్తుంది. అయినా చెల్లదు.

10. నేను ఆపరేషను నుంచి తిరిగి రాకపోతే, నాన్న మోకాలు విరిగింది ఎవరివల్లో వదిన బంధువులందరికీ నా పేరు పెట్టి చెప్పాలి. అన్నయ్య ఎదుటే చెప్పాలి. తిరిగి వస్తే నేనే చెబుతాను.

11. ఇది గేటు దగ్గర్నుంచి వచ్చి రాస్తున్నాను. మూడో కిక్కుకు ఇంజను అందుకుంది. మొదటి రెండూ అన్నయ్య కాలు జారి తప్పాయి. హెల్మెట్టు పెట్టుకోమని మా ఆయన వెంటపడితే పెట్టుకున్నాడు. వాలిపోయి కూర్చోవలసిన హ్యాండిలు కదా, నడుం పట్టేస్తుందని అరిచాను. వినబడిందో లేదో. వీధి చివరిదాకా నడకలా వెళ్లాడు. మలుపు దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లేడు. చప్పుడు మాత్రం చాలాసేపు వినబడింది, పడిపోతున్నట్టు కాదు, వేగం పెరుగుతున్నట్టు. ఇప్పుడు పన్నెండున్నర. మళ్లీ గేటు దగ్గరికి వెళ్లివస్తున్నాను. ఈ అంశానికి చట్టపరంగా విలువ లేదని లేతు స్నేహితుడు అంటున్నాడు. ఉండనివ్వమన్నాను.

పై అంశాలన్నీ చదివి, అర్థం చేసుకుని, నా ఇష్టప్రకారమే సంతకం చేస్తున్నాను. కొట్టివేత ఒక్కటే, అయిదో అంశంలో.

తేదీ: 2026 నవంబరు 17, మంగళవారం

(సంతకం)
వెల్డింగక్క

సాక్షులు:

1. (సంతకం) పక్క షాపు లేతు యజమాని. ఆమె సంతకం చేయగా చూశాను. నిలబడే చేసింది.

2. (సంతకం) ఈమెకు స్వయానా అన్నయ్య. ఈ వీలునామా కింద ఏమీ పొందనివాడు. ఇది తన సంతకమేనని ఆమె నాకు చెప్పగా, నేనూ సంతకం పెడుతున్నాను. పన్నెండింటికి పెట్టవలసినది, నేను తిరిగి రావడం ఆలస్యమైనందున సాయంత్రం నాలుగున్నరకు పెట్టడమైనది. పేజీ చివర మరక నా చేతి నూనెది, కొట్టివేత కాదు.