గండి రోజు గంట

శాసనసభ్యుల జీతభత్యాల సవరణ సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,

ఆసుపత్రి వరండా నుంచి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

అయ్యా,

విషయం: సభ్యుల పదవీ షరతులు, సౌకర్యాల సవరణకు సలహాలు, మరియు నేను ఒకానొక రోజున సిబ్బందిని అవునో కాదో తేల్చుట గురించి.

తమ ప్రకటనను మూడో లాబీ బోర్డుకు అంటించింది నేనే. ప్రజలెవరైనా సలహాలు పంపవచ్చుననీ, సభ సిబ్బంది పంపరాదనీ అందులో ఉన్నది. కావున ఈ అర్జీ ఈ రోజే రాస్తున్నాను. ఈ రోజు నేను సిబ్బందిని కాను.

1. నా పని గంట కొట్టడం. ఓటింగుకు ముందు మీట నొక్కుతాను. అయిదు నిమిషాలు మోగాక మీట వదిలించి తలుపులు మూస్తాను. గంట ఆగేదాకా తలుపు మూయరాదు, తలుపు మూసేదాకా ఓటు తీయరాదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నియామకం మాత్రం ఎనభై తొమ్మిది రోజులకే. తొంభయ్యో రోజు తీసేస్తారు, తొంభై ఒకటో రోజు మళ్లీ తీసుకుంటారు. తొంభై నిండితే పర్మినెంటు అడుగుతానని అలా పెట్టారట. కాగితం మీద దాన్ని విరామ దినం అంటారు. మేము గండి రోజు అంటాము. మా ఆవిడ గండం రోజు అంటుంది.

2. సభ్యులకు ఇట్టి రోజు లేదు. ప్రమాణం చేసి ఒక్కరోజు కూర్చున్నా జీవితాంతం పింఛను, ఇంటిల్లిపాదికీ వైద్యం కార్డు. ఆ కార్డుకు గడువు లేదు. ఇది ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. మా క్యాంటీనుకు ఒక మాజీ సభ్యులు వస్తుంటారు. ఆయన ప్రమాణం చేసిన మర్నాడే సభ రద్దయింది. అందరూ ఒక్కరోజు సారు అంటారు. పిలిస్తే ఆయనా పలుకుతారు. మొన్న నా పక్కన కూర్చుని టీ తాగుతూ అన్నారు.

"గంటల మావా, మనిద్దరిదీ ఒక్కరోజు కథే కదయ్యా."

"ఎలాగండీ?"

"నాకు ఆ ఒక్కరోజు ఉంది. నీకు ఆ ఒక్కరోజు లేదు. అంతే తేడా."

నవ్వాను. నాకు కూడా టీ ఆయనే చెప్పారు.

3. మా ఆవిడకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. నా వైద్యం కార్డు ఎనభై తొమ్మిదో రోజుతో ఆగిపోతుంది. మళ్లీ తీసుకున్నాక కంప్యూటరులో ఎక్కడానికి అయిదారు రోజులు. కిందటి గండికి రెండుసార్లు తప్పింది. కాళ్లు వాచిపోయి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయింది. ఈసారి తప్పితే గుండె మీదికి వస్తుందనీ, పూచీ తనది కాదనీ డాక్టరమ్మ చీటీ మీదే రాసింది. ఈ రోజు డయాలసిస్ రోజు. ఈ రోజే గండి.

కౌంటరులో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"అంకుల్, ఈ రోజు మీరు సిస్టంలో లేరు."

"ఇక్కడే ఉన్నానమ్మా."

"మీరున్నారు, మీ పేరు లేదు. మీరు పనిలో ఉన్నట్టు ఆఫీసు నుంచి ఒక్క లైను కాగితం ఫోన్లో పంపించినా చాలు, లోపలికి తీసుకుంటాం. నాలుగింటికి కౌంటరు మూసేస్తాం."

"గండి ఈయనకా, నాకా తల్లీ?" అంది మా ఆవిడ.

ఆఫీసుకు ఫోన్ చేశాను. సిబ్బంది కాని వారికి కాగితం ఇవ్వరాదన్నారు.

4. నేను రోజూ చిట్టా రాస్తాను. బడిలో నేర్చిన రాత కాదు, పాత ఓటింగు కాగితాల వెనక దిద్దుకున్నది. గంట ఎన్నింటికి మోగింది, ఎన్నింటికి ఆగింది, తలుపు మూశాక బయట నిలబడి ఎవరు తట్టారు, అన్నీ ఉంటాయి. గండి రోజుల్లో కూడా నేనే వెళ్లి గంట కొట్టాను. ఆ మీట బిగుసుకుపోతుంది, కొత్త చేతికి లొంగదు. నిన్న చిట్టా తిరగేస్తే ఒకటి కనబడింది. సభ్యులకు ఈ జీవితాంతపు సౌకర్యాలు ఇచ్చిన చట్టానికి ఓటు జరిగింది నా గండి రోజున. గంట సిబ్బందే కొట్టి సిబ్బందే ఆపవలెననీ, లేనిచో ఓటు చెల్లదనీ సభ నియమం. మీట పక్కనే అద్దం కట్టి వేలాడదీశారు.

కావున తమరు రెండింటిలో ఒకటి తేల్చవలెను. ఆ రోజు నేను సిబ్బందినే అయితే నాకు గండ్లు లేవు, కార్డు చెల్లుతుంది. కానట్లయితే ఆ చట్టం లేదు.

5. సలహాలు.

(అ) సభ్యులకు కూడా తొంభయ్యో రోజున గండి పెట్టవలెను. ఆ రోజు వారి కార్డు కూడా పనిచేయరాదు.

ఇది మా ఆవిడకు చదివి వినిపించాను. "వాళ్లిళ్లలో జబ్బు మనుషులుండరా? కొట్టెయ్యండి" అంది. కావున (అ) కొట్టివేసినట్లు భావించగలరు.

(ఆ) పూర్తికాలం పనిచేసిన సభ్యులకే పింఛను ఇవ్వవలెను. ఒక్కరోజు సారు విషయం ఎలా రాయాలో నాకు తెలియలేదు. ఆయన మంచివారు.

(ఇ) ఎవరి కార్డూ ఒక్కరోజు కూడా ఆగరాదు. మిగతావి కుదరకపోతే ఇది ఒక్కటి చేసినా చాలును.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. నాలుగు గంటల లోపు చిత్తగిస్తే మేలు.

తమ విధేయుడు (రేపటి నుంచి),
గంట కొట్టే మనిషి,
మూడో లాబీ.

తా.క.: మూడు గంటల పది నిమిషాలకు లాబీ సూపర్వైజరు ఫోన్ చేశాడు. గండి రోజున నేను వెళ్లకపోవడం ఇదే మొదటిసారి.

"మావా, ఇరవై మూడు నిమిషాలుగా గంట ఆగట్లేదు! లోపల అందరూ చెవులు మూసుకుని కూర్చున్నారు. ఎలా ఆపాలి?"

"నేను ఈ రోజు సిబ్బందిని కాదు కదా బాబూ."

"ఇది హాస్యాలాడే టైమా?"

"నేను పనిలో ఉన్నట్టు ఒక్క లైను కాగితం పంపించు. చెబుతాను."

"పంపిస్తా, పంపిస్తా. ముందు చెప్పు మావా!"

"ముందు కాగితం."

నా జన్మలో ఎవరితోనూ అలా మాట్లాడలేదు. ఫోన్లో గంట మోగుతూనే ఉంది. మా ఆవిడ చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"తమ్ముడూ, మీట కింద బొటనవేలి గోరు పెట్టి ఎడమకు లాగు. ఈయన ఇంట్లో రోజూ చెబుతుంటారులే."

గంట ఆగింది. ఫోనూ ఆగింది. ఎందుకు చెప్పావని అడిగాను. "పాపం, అంతమంది చెవులు" అంది.

నాలుగైంది. కాగితం రాలేదు. కౌంటరు మూశారు.

ఈ రోజు చిట్టాలో ఇలా రాసుకున్నాను. గంట: ఒకటి. మోగిన సేపు: ఇరవై ఆరు నిమిషాలు. ఆపినది: మా ఆవిడ. ఆమె సిబ్బంది కాదు.

దేనికి ఓటు తీశారో నాకు తెలియదు. ఏదైనా చెల్లదు.