ఈల మాస్టారి నల్ల వేళ్ళు

మా బంగారుతల్లికి నాన్న మనసారా దీవించి రాస్తున్నది. నేనూ పాపా ఇక్కడ కులాసా. ఆ కొండమీద, ఆ గాలిలో నువ్వూ అల్లుడుగారూ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే వయసు మీదపడిందనుకోకు. పొద్దుటినుంచి నవ్వు ఆగడం లేదు, నవ్వుతూ రాస్తే అక్షరాలు కుదురుగా కూర్చోవు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు మెట్లెక్కేటప్పుడే గొణుగుతోంది, మిగతా వేళల్లో బుద్ధిగానే ఉంది. నువ్వు పంపిన ఉన్ని టోపీ పెట్టుకుంటున్నాను. పాప దాన్ని "తాతయ్య మూత" అంటుంది. మీ వాతావరణ కేంద్రానికి వారానికొక్క బండే వస్తుందని రాశావు గనుక ఈసారి అన్నీ ఒకే ఉత్తరంలో కుక్కేస్తున్నాను. ఇక, "పాప బొమ్మలే పంపుతోంది, రెండు ముక్కలు రాయదేం నాన్నా, ఏమైనా దాస్తున్నావా" అని అడిగావు. దాచానమ్మా. మూడు నెలలుగా దాచాను. ఇవాళ నా పగ తీరింది గనుక చెబుతున్నాను.

మీరు వెళ్ళిన రెండో వారం నుంచి పాప బడిలో నోరు విప్పడం మానేసింది. ఇంట్లో గలగలా మాట్లాడేది. బడి గేటు దాటితే చాలు, పెదాలు కుట్టేసినట్టే. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. దాని మూడో తరగతి మాస్టారే బడిలో హెడ్మిస్ట్రెస్ గారి తర్వాత పెద్ద కూడాను. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది, పిల్లలు ఈల మాస్టారంటారు. ఆయన దాన్ని అందరిముందూ "బెల్లం కొట్టిన రాయి" అన్నాడు. మర్నాటినుంచి తరగతంతా దాన్ని రాయీ, రాయీ అని పిలవడమే.

ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపాడు.

"పెద్దాయనా, మీ పిల్లకి నోరుందా, రోజూ ఇంట్లో మర్చిపోయి వస్తోందా?"

"ఉంది మాస్టారూ. ఇంట్లో ఆ నోరు మూయించలేక చస్తున్నాను."

"అయితే ఇంట్లోనే ఉంచుకోండి" అని ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఈ పిల్ల మామూలు బడికి పనికిరాదు, నెలాఖరుకి వేరే బడికి పంపెయ్యాలి అని హెడ్మిస్ట్రెస్ గారికి రాసిన దానికి నకలు. నలభయ్యేళ్ళు చెక్క కోసినవాణ్ణి, కొలత చూసుకోకుండా ఏదీ కొయ్యను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఉండు నీ పని చెబుతాను అనుకున్నాను.

ఆ బడిలో కౌన్సెలింగ్ మేడమ్ అని ఒకావిడ ఉంది. పిల్లలకి దిగులో, కోపమో, భయమో వస్తే ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పుకోవచ్చు. మెట్ల కింద విరిగిన బెంచీలు వేసే గదిని కడిగించి, చాప పరిచి, చిన్న కుర్చీలు వేసింది. గోడకి ఒక అట్ట చక్రం, దాని మీద రకరకాల ముఖాలు. నోటితో చెప్పలేని పిల్లలు తమకెలా ఉందో ఆ ముఖం మీదికి ముల్లు తిప్పుతారు. ఈల మాస్టారు దాన్ని ఏడుపుల గది అంటాడు, అది ఖాళీ చేయిస్తే ఆటల సామాను పెట్టుకోవచ్చని ఆయన ఆశ. పాప మొదటి మూడుసార్లూ బల్ల కిందికి దూరి కూర్చుందట. మేడమ్ కూడా చీర సర్దుకుని బల్ల కింద కూర్చుందట. ఆ మాట విన్నప్పుడే ఆవిడకి మనసులో దణ్ణం పెట్టాను.

ఆవిడే నన్నడిగింది, "చీటీలు వేసుకోడానికి ఒక పెట్టె చేసిపెడతారా బాబాయిగారూ? పేరు రాయక్కర్లేదు, నేను తప్ప ఎవరూ చదవకూడదు, తాళం ఉండాలి" అని. టేకు చెక్కతో మొదలుపెట్టాను. రెండోరోజుకే ఈల మాస్టారు మన వరండాలో ప్రత్యక్షం.

"పెద్దాయనా, రెండో తాళంచెవి ఒకటి నాకివ్వండి. మేడమ్‌కి చెప్పక్కర్లేదు. పిల్లలు నామీద ఏం రాస్తున్నారో తెలియాలిగా."

"రెండో చెవెందుకు మాస్టారూ, మీకోసం వెనక వేరే తలుపే పెడతాను. గోడవైపు ఉంటుంది, ఎవరికీ కనపడదు."

ఎంత మురిసిపోయాడో. వీపు తట్టి మరీ వెళ్ళాడు.

పెట్టానమ్మా తలుపు. దాని వెనక చీటీలుండవు, నడుమ చెక్క అడ్డం. ఉన్నదల్లా జానెడు గూడు. ఆ గూటి గోడలకి, పాత బల్లలకి పట్టించే నల్లరంగు, తొందరగా ఆరకుండా నూనె కలిపి, దిట్టంగా పూశాను. ఒంటికంటితే వారం దాకా పోదు, సబ్బు అరిగిపోవాల్సిందే. పెట్టెని మేడమ్ గది గుమ్మం పక్కన పెట్టించాక, మొన్న సాయంత్రం తలుపు బందు బిగిస్తానని వెళ్ళి ఇంకో పూత వేసి వచ్చాను.

నిన్న సాయంత్రం ఆ మెట్ల కింద చీకట్లో మాస్టారు చెయ్యి పెట్టి తడుముకున్నట్టున్నాడు. ఈలని కూడా ఆ చేత్తోనే సర్దుకున్నట్టున్నాడు. ఇవాళ ప్రార్థనకి పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. గేటు బయటినుంచి నేనూ చూస్తున్నాను. మాస్టారు కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు, ఎడంచేత్తో ఈల ఊదాడు. తీశాక చూస్తే మూతి చుట్టూ నల్లగా పెద్ద సున్నా. మొదటి వరసలో కిసుక్కుమన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి, "ఏమిటది మాస్టారూ, చెయ్యి చూపించండి" అన్నారు. అయిదు వేళ్ళూ బొగ్గులే.

"కలం కక్కిందండీ" అన్నాడు.

అప్పుడు మూడో తరగతి వరసలోంచి ఒక గొంతు లేచింది. "కలం కాదండీ. అది మా తాతయ్య రంగు. పెట్టె వెనకాలే ఉంటుంది."

మన పాపమ్మా. మూడు నెలల తర్వాత బడిలో దాని మొదటి మాట. నేను గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒకేసారి వచ్చాయి. మధ్యాహ్నానికల్లా హెడ్మిస్ట్రెస్ గారు ఆ కాగితాన్ని నా కళ్ళముందే చించేశారు. మాస్టారిని ఆ తరగతినుంచి తప్పించారు. ఆ నల్లమూతితో వారమంతా తిరగాలి. జాలి పడమని మాత్రం రాయకు, నాకు రాదు.

ఇక అసలుది. ఇంతవరకూ రాయలేక అటూ ఇటూ తిప్పుతున్నాను. మొన్న రంగు పూయడానికి వెళ్ళినప్పుడు ఆ పెట్టె అడుగుచెక్క జరిపాను. చేసినవాణ్ణి గనుక ఎలా జరుగుతుందో నాకు తెలుసు. పాప చేతిరాత గుర్తుపట్టి చీటీ తీసి చదివాను. ఈల మాస్టారు చెయ్యబోయిన దొంగపని ఆయనకంటే ముందు నేనే చేశాను.

"తాతయ్య ఇంట్లో మాట బయట చెప్పొద్దన్నాడు. ఏది ఇంట్లో మాటో నాకు తెలీదు. అందుకే ఏమీ చెప్పను." అంతే ఉంది.

మీరు వెళ్ళిన రోజున, పిల్లని ముసలాడి మీద వదిలేసి పోయారని నలుగురూ అంటారేమోనన్న ఉక్రోషంతో, ఇంట్లో మాట ఎవరికీ చెప్పకు అని గట్టిగా అన్నాను. ఒక్కసారే అన్నాను. అది అక్షరాలా పాటించింది. ఇన్నాళ్ళూ నేను పగబట్టింది ఒకడిమీద, పిల్ల నోరు కుట్టింది నేను.

నిన్న పొద్దున్నే వెళ్ళి మేడమ్‌కి చీటీ సంగతి ఒప్పుకున్నాను. ఆవిడ నన్ను చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, "నాకు కాదు బాబాయిగారూ, పాపకి చెప్పండి" అంది. సాయంత్రం బడినుంచి నడిచి వస్తూ దారిలోనే చెప్పాను. తప్పు నాదని, చీటీ చదివానని, రంగు సంగతితో సహా. ఇకమీదట ఏ మాటైనా ఎవరితోనైనా చెప్పుకోమన్నాను. "ఏదైనానా?" అని రెండుసార్లు అడిగింది. ఏదైనా అన్నాను. ఇవాళ రంగు సంగతి తెలిశాక మేడమ్ కూడా నన్ను దులిపేసింది, పిల్లల పెట్టెని మీ కక్షకి వాడుకున్నారేమిటని. నిజమే, తల వంచుకుని విన్నాను.

ఇవాళ సాయంత్రం గేటు తీయగానే మూడో తరగతంతా నా చుట్టూ మూగింది. పాప మధ్యలో చేతులు కట్టుకుని నిలబడింది. ఒక బుడంకాయ నా నోటివంక తేరిపార చూసి, "తాతయ్యా, రాత్రిళ్ళు గ్లాసులో పడుకునే పళ్ళు ఇవేనా?" అన్నాడు. ఇంకొకత్తె, "నిద్దట్లో చనిపోయిన అమ్మమ్మగారిని పిలిచి, తలుపు వేశావా అని అడుగుతారటగా?" అంది. మన ఇంట్లో మాట ఒక్కటీ మిగల్చలేదమ్మా నీ కూతురు.

పళ్ళు తీసి అందరికీ చూపించాను.

ఇట్లు,
బోసినోటితో నవ్వుతున్న మీ నాన్న