సున్నపు చుక్కలు

ఏటిగట్టు ఇంటి నుంచి,
బుధవారం.

ప్రియమైన వీరవేణి అక్కకి,

నీ చెల్లి దుర్గ దణ్ణాలు. నీకు ఫోన్ చేద్దామంటే ఈ ఇంట్లో గోడకి ఇవతల మాట్లాడింది అవతలికి వినబడుతుంది. అందుకే ఈ ఉత్తరం సూరమ్మ పిన్ని చేతికిచ్చి పంపుతున్నాను. వారం వారం ఎండుచేపల బుట్టతో మీ జంగారెడ్డిగూడెం సంతకి వస్తుంది కదా, నువ్వు పనిచేసే పామాయిల్ నర్సరీ గేటు దగ్గర ఇస్తానంది. ఆరో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది. తప్పులుంటే నవ్వుకో, చదివాక చింపెయ్యి.

మా కారు చెడిపోయిందని అమ్మ చెప్పే ఉంటుంది. ఎలా చెడిపోయిందో అమ్మకి నేను చెప్పలేదు. పెళ్ళయిన ఈ మూడు నెలల్లో నేను ఆ బండి ఎక్కింది ఒక్కసారే. రోజూ కొవ్వూరు నుంచి పోలవరానికి జనాన్ని తిప్పే మీ మరిది, ఆ రోజు ఎవర్నీ ఎక్కించుకోకుండా, "పట్టిసీమ వెళ్ళి దణ్ణం పెట్టుకొద్దాం, ముందు సీట్లో కూర్చో" అన్నారు. వెనక అత్తయ్య కూర్చున్నారు. గోదారి ఎర్రగా, గట్టుని ఒరుసుకుంటూ పోతోంది. మలుపు దగ్గర ఇంజన్లో టప్ మని చిన్న చప్పుడయింది. అంతే, ఇంజను మూగబోయింది. బండి మాత్రం పోతూనే ఉంది. స్టీరింగు బిగుసుకుపోయింది. ఆయన రెండు చేతులతో లాగుతూ బ్రేకు మీద నిలబడినట్టు తొక్కారు. ఎలాగో ఆగింది. నా వైపు కిటికీలోంచి చూస్తే కింద మట్టి కనబడలేదక్కా, నీళ్ళే కనబడ్డాయి.

 ఇంటికొచ్చాక అత్తయ్య కాళ్ళు కడుక్కుంటూ, నాకు వినబడేలాగే, "నాలుగేళ్ళు తిరిగిన బండి. ఇది ఎక్కిన రోజే ఆగిపోయింది" అన్నారు. ఆయన విన్నారు. విని ఊరుకున్నారు. అత్తయ్య అన్న మాటకంటే ఆయన ఊరుకోవడమే నన్ను ఎక్కువ కోసింది. అప్పటి నుంచి నేను ఆ బండి తలుపు కూడా ముట్టుకోలేదు.

తెగింది టైమింగ్ బెల్టు. ఇంజన్లో పైన ఒక చక్రం, కింద ఒక చక్రం ఉంటాయి. ఆ రెండూ ఒక్క లెక్కలో తిరిగేలా పట్టి ఉంచేది ఆ రబ్బరు బెల్టే. అది తెగితే లెక్క తప్పి, పైనున్న వాల్వులూ కిందున్న పిస్టన్లూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మా వాల్వులన్నీ వంకరపోయాయి. షెడ్డు వాళ్ళు నెల పడుతుందన్నారు. ఈయన పెరట్లో టార్పాలిన్ కట్టి, ఫోన్లో వీడియోలు చూస్తూ తనే విప్పారు. కొవ్వూరు పాత మెకానిక్ వీరబ్రహ్మం గారు వచ్చి, కొత్త వాల్వులు దగ్గరుండి వేయించారు. బెల్టు మాత్రం రాజమండ్రి షాపుకి వచ్చేసరికి వారం పడుతుందట. పెద్దాయనకి ఎల్లుండే కంటి ఆపరేషన్, బెల్టు వచ్చేదాకా ఉండలేరు. అందుకని రెండు చక్రాలనీ సరైన చోట నిలబెట్టి, "గుర్తులు పెట్టుకోరా. కంపెనీ గీతలు అరిగిపోయాయి. బెల్టు వచ్చాక ఈ గుర్తులు చూసి ఎక్కించు" అన్నారు.

"పెయింటు లేదండి."

"మీ అమ్మ వక్కలాకు డబ్బాలో సున్నం లేదేంట్రా?"

"బోలెడుందండి. ఇంజనుకి తాంబూలం ఇచ్చేద్దాం."

ఈయన చేతులకి గ్రీజు. అందుకని సున్నం నన్ను పెట్టమన్నారు. ఒక్కో చక్రం మీద ఒక చుక్క, దానికి ఎదురుగా ఇనుము మీద ఇంకో చుక్క. మొత్తం నాలుగు. "మీ ఆవిడ చెయ్యి నిలకడయిందిరా" అన్నారు పెద్దాయన. ఈ ఇంట్లో నా గురించి ఒకరు మంచిమాట అనడం అదే మొదలు.

ఈ ఇంజను బాగుపడాలని దణ్ణం పెట్టుకో అక్కా. మా బావగారు, అదే ఈయన అన్నయ్య, సముద్రం బోటెక్కి తిరిగి రాలేదని నీకు తెలుసు కదా. ఈయన చేపల వేట మానేసి కారు కొన్నది అందుకే. "ఇది కూడా పోతే మళ్ళీ బోటే" అని మొన్న అన్నారు. నవ్వుతూ అనలేదు.

నీ చెల్లి,
సాయిదుర్గ


దసరా మర్నాడు.

అక్కా,

ఈ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాసి సూరమ్మ పిన్నికే ఇవ్వు. 

నిన్న పొద్దున్న అత్తయ్య, "అమ్మాయ్, పండగపూట ఇంజను జిడ్డోడుతూ ఉంటే ఎలాగ? శుభ్రంగా తుడిచి బొట్టు పెట్టు" అన్నారు. ఈయన ఊళ్ళో లేరు. బెల్టు తేవడానికి రాజమండ్రి వెళ్ళారు. బొట్టు పెట్టేముందు కడగడం మనకి అలవాటే కదా, పీటయినా కత్తిపీటయినా. నేను కిరసనాయిల్లో గుడ్డ ముంచి తుడిచాను. గుర్తులు తెలియక కాదక్కా, పెట్టింది నేనే. అత్తయ్య వెనకే నిలబడి ఉన్నారు. నా చేత ఈసారైనా మంచి జరగాలని మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను. చెయ్యి దాని పాటికి అది తుడుచుకుపోయింది. పై చక్రాన్ని పట్టుకుని రుద్దుతుంటే అది నా వేళ్ళలోంచి విదిలించుకుని టక్ మని తిరిగింది. అత్తయ్య, "ఏంటే ఆ చప్పుడు?" అన్నారు. "గుడ్డ తగిలిందండి" అన్నాను. అది నా మొదటి అబద్ధం.

చూసుకుంటే ఒక్క చుక్కా లేదు.

అత్తయ్య కొబ్బరికాయకి లోపలికి వెళ్ళారు. నేను డబ్బాలోంచి సున్నం తీసి నాలుగు చుక్కలూ మళ్ళీ పెట్టేశాను. ఎక్కడ పెట్టాను? చక్రం తిరిగిపోయి ఎక్కడ ఆగిందో అక్కడ. చూస్తే ఎంత తిన్నగా ఉన్నాయో. వాటి పక్కనే పసుపు రాసి కుంకుమ పెట్టాను. నా చెయ్యి వణకలేదు. అదే నాకు భయంగా ఉంది.

సాయంత్రం ఈయన బెల్టు తెచ్చారు. లైటు వేసి చూసి, "చూశావా అమ్మా, పెద్దాయన గుర్తులు ఎక్కడివక్కడే ఉన్నాయి" అన్నారు. చెబుదామని నోరు తెరిచాను. అత్తయ్య వైపు చూశాను. నోరు మూసుకున్నాను. బండి స్టార్టు చెయ్యడానికి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి మంచి టైముందట. శనివారం బెల్టు ఎక్కిస్తారు.

చెబితే, బండి ఎక్కి పాడుచేసింది, బాగవుతుంటే తుడిచి పాడుచేసింది అంటారు. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పక్కా, ఏం చెయ్యమంటావు?

దుర్గ


ఆదివారం ఉదయం.

ఏమండీ,

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఎదురుగా నిలబడితే నాకు మాట రాదని మీకు తెలుసు. మీరు రేవుకి స్నానానికి వెళ్ళారు. ఇది రాసి, చక్రాల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయల పళ్ళెంలో పెడుతున్నాను. పళ్ళెం మీరే తీస్తారు కదా.

ఇంజను తాళం తిప్పకండి. ఆ గుర్తులు వీరబ్రహ్మం గారు చూపించినవి కావు. దసరా రోజు తుడుస్తూ చెరిపేశాను. పై చక్రం తిరిగిపోయింది. తిరిగిపోయిన చోట మళ్ళీ సున్నం పెట్టాను. నిన్న సాయంత్రం మీరు బెల్టు ఎక్కించింది నా అబద్ధం చూసి. ఇప్పుడు తాళం తిప్పితే కొత్త వాల్వులు కూడా వంకరపోతాయి. ఒకవేళ పైకి బాగున్నట్టే తిరిగి, మళ్ళీ ఆ మలుపు దగ్గర ఆగితే? ఆ కిటికీలోంచి నేను చూసిన నీళ్ళు మీరు చూడలేదు.

నాలుగు రోజులు ఎందుకు దాచానో కూడా రాస్తాను. నేను మా అక్కకి రాశాను. నిన్న సూరమ్మ పిన్ని జవాబు తెచ్చింది. "నోరు విప్పకు. ఇంజను పోతే ముసలాయన చూపు ఆననప్పుడు పెట్టిన గుర్తులని అనుకుంటారు. నీ కాపురం నువ్వు చూసుకో" అని రాసింది. అక్క నా మంచికే రాసింది. చదివాక కాసేపు నాకు ప్రాణం తెరిపినపడింది కూడా. ఆ మాట మీ దగ్గర దాచను.

తర్వాత మీ బట్టలు మడతపెడదామని అటక మీద పెట్టె దించాను. బావగారి నీలం నైలాను సంచి కనబడింది. బూజు దులిపి ఉంది. లోపల మీ రెండు లుంగీలు, స్వెట్టరు, టార్చిలైటు. పెరట్లో మీరు అత్తయ్యతో అంటుంటే విన్నాను. "కాకినాడ బోటు వాళ్ళతో మాట్లాడాను. ఇది స్టార్టవకపోతే సోమవారం వెళ్ళిపోతాను."  జవాబుగా అత్తయ్య వక్కలాకు డబ్బా మూత పెట్టిన చప్పుడు వినబడింది. ఒక కొడుకుని పంపిన మనిషి, రెండో కొడుకుని వెళ్ళొద్దనడానికి కూడా నోరు రాక కూర్చున్నారు. సున్నం తీసింది కూడా ఆ డబ్బాలోంచే కదా అనుకున్నాను. ఇంక రాయకుండా ఉండలేకపోయాను.

పెద్దాయన, "చేత్తో రెండు చుట్లు తిప్పి చూడకుండా తాళం తిప్పొద్దురా" అని మీకు చెప్పి వెళ్ళారు. నిన్న నేను, "చేత్తో తిప్పి చూడరా?" అని అడిగితే, "గుర్తులు అంత చక్కగా కుదిరాక తిప్పేదేంటి, నీకు తెలీదులే" అన్నారు. నాకు తెలుసు. ఆ ఒక్క విషయం ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

కొబ్బరికాయ కొట్టకండి. ముందు పానా తీసుకుని కింది చక్రాన్ని మెల్లిగా తిప్పండి. ఎక్కడైనా తగిలి ఆగితే బలం పెట్టకండి. అక్కడితో ఆపి బెల్టు విప్పెయ్యండి. పెద్దాయన కంటికి కట్టు విప్పేదాకా బండి అలాగే ఉంటుంది, ఉండనివ్వండి. ఆయనకి ఏం చెప్పాలో నేనే చెబుతాను.

ఇంకొక్క మాట. అది నేను ఎక్కినందుకు తెగలేదు. పాతబడి తెగింది. ఆ ముక్క మీకు తెలుసు. బెల్టు ముక్కలు చేతిలో పట్టుకుని, ఎలా బీటలు వారిందో వీరబ్రహ్మం గారికి మీరే చూపించారు. అత్తయ్యకి మాత్రం చెప్పలేదు. నేను నాలుగు రోజులు ఊరుకున్నాను. మీరు నెల రోజుల నుంచి ఊరుకున్నారు. నేను రాసేశాను. ఇంక మీరు చెప్పాలి.

తాళం కోసం మేకుకి చూడకండి, నా గుప్పిట్లో ఉంది. నేను కారులో, ముందు సీట్లో కూర్చునే ఇది రాస్తున్నాను, నిమ్మకాయల పళ్ళెం నా ఒళ్ళోనే ఉంది. అత్తయ్య గుమ్మంలోంచి చూస్తున్నారు. "దిగవే, మళ్ళీ ఎక్కావా" అని ఇప్పటికి రెండుసార్లు అన్నారు. నేను దిగలేదు. మీరు పానా పట్టుకుని వచ్చేదాకా దిగను.

మీ భార్య,
సాయిదుర్గ